బాగా వినపడుతున్నారు

లిఫ్టు పక్కన అతికించిన నోటీసులో 'టవరు' అని రాశారు. అది చూడగానే ఆమెకి ఒళ్లు మండింది. డాబా పిట్టగోడకి బిగించిన ఓ అల్యూమినియం గొట్టం, దాని కొస నుంచి అటొకటి ఇటొకటి దిగిన రెండు రాగి తీగలు, ఇంతే ఆ టవరు. నాలుగో అంతస్తు వాళ్లు బట్టలారేసుకునే తీగ దానికంటే లావు. అయినా ఆ బిల్డింగులో ఎవరిని కదిపినా అది టవరే, దాన్ని పెట్టినావిడ టవరమ్మే. ఎదురుపడితే మాత్రం 'అక్కయ్యగారూ' అని నోరారా పిలుస్తారు.

నోటీసు కింద సెక్రటరీగారి సంతకం ఉంది. శుక్రవారం సాయంత్రం సమావేశం, టవరు తీసేయడం గురించి చర్చ, అందరూ తప్పక రావాలి. చర్చ అన్నది మర్యాదకి రాసిన మాట. మెట్ల మీద, లిఫ్టులో, పార్కింగులో ఆ చర్చ ఎప్పుడో అయిపోయింది. డాబా పోతే ఆమెకి వేరే చోటు లేదు. ఆమె ఫ్లాటు కిటికీలన్నీ పక్క బిల్డింగు గోడ మొహం చూస్తూ కూర్చుంటాయి. తీగ దిగిందంటే రేడియో అటకెక్కినట్టే.

వాళ్ల ఫిర్యాదులు ఆమెకి కంఠతా వచ్చు. మూడో అంతస్తు పిన్నిగారికి తలనొప్పి. ఆ తలనొప్పి ఈ తీగ కంటే వయసులో పెద్దది, కానీ ఇప్పుడు దానికో కారణం దొరికింది. ట్యూషన్ మాస్టారి టీవీలో గీతలు పడుతున్నాయి. టవరు వచ్చాక పావురాలు రావడం మానేశాయని ఒకరంటే, టవరు మీద వాలడానికే పావురాలు ఎగబడుతున్నాయని ఇంకొకరు. వాచ్‌మన్ భార్య అయితే ఆవిడ బయటి దేశాలకి రహస్యాలు పంపుతోందని తేల్చేసింది. నీళ్ల ట్యాంకు ఏ వేళకి పొంగుతుందో తప్ప, బయటి దేశానికి పనికొచ్చే రహస్యం ఈ బిల్డింగులో ఏం ఏడ్చింది కనక?

వీటన్నిటినీ మించి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కించే ప్రశ్న ఒకటుంది. ఫోన్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు? హామ్ రేడియో అనే మాట నోట్లోంచి ఊడిపడగానే ఎవరైనా అడిగేది అదే. చుట్టాలు అడిగారు, షాపులో తోటివాళ్లు అడిగారు, ఈ ఫ్లాటు చూపించిన బ్రోకరు అడిగాడు. చేపలు పట్టేవాణ్ణి బజార్లో చేపలు దొరుకుతాయిగా అని ఎవరూ అడగరు. ఈమెని మాత్రం అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేది. దీనికి సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుందనీ, తను రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాననీ, మనకి తెలియని మనిషి, మనం అనుకోని మనిషి ఎక్కడో గాల్లో దొరకడమే ఇందులో సరదా అనీ చెప్పేది. వాళ్లు చివరిదాకా విని, అదంతా సరే గానీ డబ్బులేమన్నా వస్తాయా అని అడిగేవాళ్లు. ఆ తర్వాత చెప్పడం మానేసింది.

ఆమె పని బజార్లో కళ్లద్దాల షాపులో. చీకటి గదిలో మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద వెలిగే అక్షరాలు చదివించి, ఏ అద్దం కావాలో తేల్చడం. రోజంతా అద్దాలు మార్చుతూ ఇది బాగుందా, అది బాగుందా అని అడిగీ అడిగీ నోరు ఎండిపోతుంది. అందులో ఆమెకి అస్సలు పడని రకం ఒకటుంది. చివరి వరస కనపడకపోయినా పరువు పోతుందని ఊహించి చదివేసే రకం. సెక్రటరీగారు కూడా ఓసారి ఆ కుర్చీలో కూర్చుని, లేని అక్షరాలు గడగడా చదివారు. ఆమె మొహమాటం లేకుండా దులిపేసింది.

"కనపడకపోతే కనపడలేదని చెప్పండి బాబాయ్‌గారూ. నన్ను సంతోషపెట్టడానికి చదివితే తప్పు అద్దాలు వచ్చేది మీకే."

ఆయన నొచ్చుకోలేదు. నవ్వి, మళ్లీ మొదటినుంచి చదివారు. ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఒకరి లెక్కలో తప్పు పట్టడమే బతుకంతా చేసినవాడు, తన తప్పు ఒకరు పడితే గౌరవించే రకం. చెడ్డవాడు కాదు. అదే ఆమెకి ఇబ్బంది. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని ఊరుకోవచ్చు.

నోటీసు సంగతి విని ఆమె భర్త, మీ హామ్ క్లబ్బు ప్రెసిడెంటుని పిలవమన్నాడు. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు, రోజూ ఇరవై ఇళ్ల తల్లిదండ్రుల సణుగుడు విని అరిగిపోయిన చెవులు. నువ్వు మాట్లాడితే కొట్లాటవుతుంది, పెద్దమనిషిని మాట్లాడనీ అని ఆయన సలహా. ఆమెకి ప్రెసిడెంటంటే గిట్టదు. కానీ మీటరు ఉన్నది ఆయన దగ్గరే. రేడియో నుంచి వచ్చే తరంగాలు ఇళ్లలో ఎంత పడుతున్నాయో కొలిచే మీటరు అది. సమావేశానికి ముందు ఓ రోజు ప్రెసిడెంటు వచ్చి పైన రేడియోలో మాట్లాడుతుంటే, ఆమె సెక్రటరీగారి ముందుగదిలో ఆ మీటరు పట్టుకుని నిలబడింది. ఆ వేళకి సెక్రటరీగారు ఇంట్లో లేరు. ముల్లు కదిలీ కదలనట్టు ఊరుకుంది. సర్కారు పెట్టిన హద్దులో వందో వంతు కూడా లేదు. సెక్రటరీగారు ఇంటికొచ్చాక ఆ మాటే ఆయనకి చెప్పింది. ఆయన తలాడించి, నువ్వు చెప్పావంటే నమ్ముతానమ్మా అన్నారు. ఆమెకి కొండంత ధైర్యం వచ్చింది.

శుక్రవారం నాడు ప్రెసిడెంటు పార్కింగులోకి దిగిన వాలకం చూసి ఆ ధైర్యం సగం జావగారిపోయింది. ఆరెంజి రంగు కోటు, దానికి ముందూ వెనకా మెరిసే పట్టీలు, నెత్తిన బ్యాడ్జీల టోపీ, నడుముకి చెరో పక్కా వాకీటాకీ. వాటిలో ఒకటి ఆగకుండా గరగరలాడుతోంది. ఆయన్ని చూసి ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు, ఎక్కడో ఏదో తగలబడిందనుకుని.

ఆయన ప్రసంగం ఆమె ఎన్నోసార్లు విన్నదే. స్కూళ్లలో, ప్రదర్శనల్లో, టీవీ వాళ్ల ముందు అదే ఏకరువు. తుఫాను వస్తుంది, కరెంటు పోతుంది, ఫోన్లు మూగబోతాయి, అప్పుడు ఇదిగో ఈ సోదరి తీగే మిమ్మల్ని కాపాడుతుంది. జనం మమ్మల్ని పిచ్చివాళ్లనుకుంటారు, గూఢచారులనుకుంటారు, మేం సేవకులం అని గుండె మీద చెయ్యేసుకున్నారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. పిచ్చిదన్నా పడుతుంది, గూఢచారి అన్నా నవ్వుకుంటుంది, ఈ సేవకురాలి వేషమే ఆమెకి వంటికి సరిపడదు. ఆడుకునేవాళ్లు ఆడుకుంటున్నామని చెప్పుకోలేక ఎందుకింత బిల్డప్పు?

ట్యూషన్ మాస్టారు లేచి, అక్కయ్యగారు ఇంతవరకూ ఎంతమందిని కాపాడారో చెప్పమన్నాడు. ఆమె లేచి నిజం చెప్పింది. ఎవర్నీ కాపాడలేదు. ఓ పిల్లిని కూడా కాపాడలేదు. ఇది సరదా, ఇంకేం కాదు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. పిన్నిగారు మాత్రం వేరే దారిలో పోయింది. తుఫాను వస్తే పోలీసులూ మిలిటరీ ఈ తీగ కోసం మన డాబా ఎక్కుతారన్నమాట, అని పక్కావిడ చెవిలో వేసింది. ఆ మాట రెండు కుర్చీలు దాటేసరికి మిలిటరీ వాళ్లు రాత్రిళ్లు కూడా ఉంటారని తేలింది.

ఇక లాభం లేదని ఆమే అందుకుంది. మేం చేసేది మాట్లాడుకోవడం, అంతే. ఒకరి గొంతు ఒకరికి అందగానే ముందు ఎలా వినపడుతున్నారో చెప్పుకుంటాం. దానికి రెండు అంకెలు. మాట ఎంత స్పష్టంగా ఉందో ఐదుకి, గొంతు ఎంత బలంగా ఉందో తొమ్మిదికి. ఐదూ తొమ్మిదీ అంటే పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత బాగా వినపడుతున్నావని అర్థం. మా ఆట మొత్తం ఆ రెండు అంకెల మీదే నడుస్తుంది అని కాస్త గర్వంగానే చెప్పింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తనే తేలికపడింది. ఇదేదో అర్థమయ్యే విషయంలాగే ఉందే అన్నట్టు రెండు మూడు మొహాలు విచ్చుకున్నాయి.

సెక్రటరీగారు కళ్లద్దాలు సర్దుకుని లేచారు. "ఇంత గొడవెందుకమ్మా? పైకి పోదాం, ఓసారి మాట్లాడి చూపించు. మీటరు లెక్క నువ్వు చెప్పావు, నేను నమ్మాను. వీళ్లు కూడా కళ్లతో చూస్తే వీళ్ల భయం కూడా పోతుంది. అప్పుడు తీగ ఉంటే ఎవరికి నష్టం?"

ఆయన ఆ మాటన్నాక అందరూ కుర్చీలు జరుపుకుని లేచారు. ఆమె గెలిచినంత పనైంది.

అందరూ ఆమె ముందుగదిలోకి తోసుకొచ్చారు. పట్టనివాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. అప్పటికి పొద్దు వాలింది, మెట్ల మీద కొత్త దీపాలు వాటంతట అవే వెలిగాయి. చీకటి పడగానే వెలిగే ఆ దీపాలు సెక్రటరీగారు తన హయాంలో పెట్టించినవి, ఆయన ముచ్చట. అవి వెలిగిన క్షణం నుంచీ ఆమె రేడియోలో కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. చవక రకం దీపాలు, వాటి లోపలి సర్క్యూట్లు తరంగాల్ని పాడు చేస్తాయి. ఈ సంగతి ఆమెకి మొదటిరోజే తెలుసు. చెబితే, సరే, ముందు నీ టవరు తియ్యి అంటారని నోరు మూసుకుంది. రోజూ ఆ రొదలోనే చెవులు రిక్కించి వింటోంది.

ఆమె మైకు పట్టుకుని పిలిచింది. రెండోసారి పిలిచేసరికి రొద అడుగున ఎక్కడో ఓ మగ గొంతు కదిలింది. ఇంగ్లీషులో ఏదో దీవి పేరు చెప్పాడు. గదిలో అందరూ రేడియో వైపు వంగారు. పిన్నిగారు కూడా తల మీంచి చెయ్యి తీసేసింది. ఇన్నాళ్లలో ఆ గదిలో ఇంకొకరు తనతోపాటు ఆ గొంతు విని సంతోషించడం అదే మొదలు.

ఆ ఊపులో, ఎప్పుడూ అనే మాటే అనేసింది. "ఫైవ్ నైన్. మీరు నాకు ఫైవ్ నైన్." వెంటనే అతని పేరేమిటో సరిగ్గా అందలేదని, మళ్లీ చెప్పమని అడిగింది. అతను చెప్పాడు. రొదలో కలిసిపోయింది. మళ్లీ అడిగింది. ఏదో ఒక ముక్క చెవిన పడింది. మూడోసారి అడిగేసరికి ఆ గొంతు పూర్తిగా మునిగిపోయింది. ఆమె తృప్తిగా మైకు దించి, చూశారుగా అన్నట్టు వెనక్కి తిరిగింది.

ఎవరూ నవ్వడం లేదు. సెక్రటరీగారి నుదురు ముడిపడి ఉంది. లెక్కలో ఎక్కడో రూపాయి తేడా కనపడినప్పటి మొహం.

"ఐదూ తొమ్మిదీ అన్నావు కదమ్మా. పక్కన కూర్చున్నట్టు వినపడితే, పేరు మూడుసార్లు ఎందుకు అడిగావు?"

అది మా అలవాటని ఆమె చెప్పింది. దూరం నుంచి కష్టపడి పిలిచినవాణ్ణి నీ గొంతు బాగాలేదని చిన్నబుచ్చకూడదు కదా, అదో మర్యాద. చెబుతుండగానే తన మాట తనకే ఎక్కడో తగిలింది. ప్రెసిడెంటు ఊరుకుంటే బాగుండేది. ఆయన ఘొల్లున నవ్వి, అందరికీ ఫైవ్ నైనే ఇస్తామండీ, వినపడనివాడికి కూడా ఫైవ్ నైనే, ప్రపంచమంతా అంతే, అని పుండు మీద కారం చల్లారు.

సెక్రటరీగారు ఆమె వైపే చూస్తున్నారు. గొంతు పెంచలేదు. "ఆ రోజు షాపులో నన్నేమన్నావో గుర్తుందా? కనపడనిది కనపడిందని చెప్పొద్దన్నావు. ఆ మాట కోసమే నీ మీటరు లెక్క నమ్మాను. అదీ ఇలాంటి మర్యాదేనా?"

కాదు. ఆ లెక్క నిజం. ఆమె బతుకులో అంత నిజమైన లెక్క ఇంకోటి లేదు. కానీ ప్రెసిడెంటు ఇవాళ మీటరు తేలేదు, ఆ గదిలో నిలబడి ఆ లెక్క నిజమని చెప్పడానికి ఆమె దగ్గర మిగిలింది తన నోటి మాటే. ఆ నోటితోనే ఇప్పుడే అందరి ముందూ అబద్ధం ఆడింది. ఉక్రోషం పట్టలేక, పేరు వినపడకపోవడానికి మీ మెట్ల దీపాలే కారణం, వాటి రొద వల్లే చస్తున్నాను అని అరిచేసింది. అదీ నిజమే. కానీ అప్పటికి నిజానికి విలువ పోయింది. ఇన్నాళ్లూ లేని గోల ఇవాళే పుట్టిందా, ఇప్పుడు మా దీపాల మీద పడ్డావా అని ట్యూషన్ మాస్టారు లేచాడు. గది చూస్తుండగానే ఖాళీ అయింది. కింద పార్కింగులో చేతులు ఎత్తించారు. తీగ ఉండాలని ఆమె భర్త చెయ్యి ఒక్కటే లేచింది. ఆదివారం పొద్దున ప్లంబరుని తీసుకొచ్చి తీగ దింపించేస్తామని సెక్రటరీగారు భర్తకే చెప్పి వెళ్లారు, ఆమెతో మాట్లాడలేదు.

ప్రెసిడెంటు వెళ్తూ వెళ్తూ, జనానికి మనమంటే ఇంకా అవగాహన లేదమ్మా అన్నారు. ఆమె తలుపు ఆయన మొహం మీదే వేసింది.

శనివారమంతా ఆమె మొహం మాడ్చుకునే తిరిగింది. షాపులో చివరి వరస ఊహించి చదివిన కుర్రదాని మీద కస్సుమనబోయి, నోరు రాక ఊరుకుంది. వాళ్ల మీద కోపం అలాగే ఉంది. కానీ దాని అడుగున ఇంకో కోపం చేరింది, అది ఎవరి మీదో ఒప్పుకోవడానికి ఆమెకి ఆదివారం పొద్దుటిదాకా పట్టింది.

ఆదివారం పొద్దున్నే రేడియో ముందు కూర్చుంది. తెల్లారగానే మెట్ల దీపాలు ఆరిపోయాయి, రొద లేదు. చెవులకి హాయిగా ఉంది. ఎవరూ దొరక్కపోయినా పరవాలేదు, ప్లంబరు వచ్చేదాకా ఊరికే వినాలనుకుంది. కానీ ఒక్కసారి పిలవగానే ఓ గొంతు బదులు పలికింది. మొన్నటి దీవి మనిషే. గుర్తుపట్టి సంబరపడిపోయాడు. రొద లేదు కాబట్టి ఈసారి ఆమెకి తెలిసిపోయింది. మొన్నటి లోపం దీపాలదొక్కటే కాదు. అతని గొంతే నీరసంగా, నూతిలోంచి వస్తున్నట్టుగా ఉంది.

అలవాటుగా నాలుక మీదికి ఫైవ్ నైన్ వచ్చేసింది. ఆమె దాన్ని అక్కడే ఆపింది. మీరు త్రీ టూ అంది. మొన్న నేను చెప్పింది అబద్ధం, మన్నించండి, మీ మాట సగమే అందుతోంది, గొంతులో బలం లేదు అని విడమరిచి చెప్పింది.

కోపమొచ్చి వెళ్లిపోతాడేమో అనుకుంది. కానీ నెమ్మదిగా, మాటమాటకీ ఆగుతూ, అతను చెప్పుకొచ్చాడు. పెద్దగాలికి తీగ పడిపోతే తనే ఎక్కి మళ్లీ కట్టాడట. కట్టింది సరిగ్గా కుదిరిందో లేదోనని దొరికిన ప్రతివాణ్ణీ అడిగాడట. అందరూ ఫైవ్ నైన్ అన్నారు. అందుకని మళ్లీ చూసుకోలేదు. ఈమధ్య తను ఎంత పిలిచినా పలికేవాళ్లు తగ్గిపోతే, ఇక తనతో మాట్లాడటం ఎవరికీ ఇష్టం లేదేమో అనుకున్నాడట. ఈమె మొన్న ఫైవ్ నైన్ అన్నాక, గొంతు బాగానే అందుతోంది, మనుషులకే తను అక్కర్లేదని ఖాయం చేసుకున్నాడు.

అతని గొంతులో ఉత్సాహం పొంగుకొచ్చింది. ఇప్పుడే పైకెక్కి తీగ అతుకు చూసి వస్తానన్నాడు. బాగుపడిందో లేదో చెప్పడానికి మీరు ఉండాలి, నాకు నిజం చెప్పింది మీరొక్కరే, ఎక్కడికీ పోకండి అని రెండుసార్లు అన్నాడు. ఉంటానంది ఆమె. అలా అన్నాక ప్లంబరు సంగతి గుర్తొచ్చింది.

కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో సెక్రటరీగారు. ప్లంబరు అప్పటికే డాబా మీదికి వెళ్లాడని, ఓ మాట చెప్పి పోదామని వచ్చానని అన్నారు. కాసేపు ఆపమని ఆమె బతిమాలింది. ఆ బిల్డింగులో ఎవరినైనా ఆమె బతిమాలడం అదే మొదటిసారి. ఒక మనిషి తన మాట నమ్మి మిద్దె ఎక్కాడు, తిరిగొచ్చి పిలుస్తాడు, అప్పుడు తను లేకపోతే బాగుండదు, అంతవరకూ ఆపండి చాలు అంది.

ఆయన రేడియో వైపు చూశారు. అందులో సన్నగా గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె మొహం వైపు చూశారు. నమ్మాలని ఆయనకి ఉంది, అది ఆమెకి కనపడుతూనే ఉంది. కానీ ఓసారి మోసపోయిన ఆడిట్ మనిషి ఆయన.

"ఇందులో ఏముందమ్మా," అన్నారు చివరికి, కోపంగా కాదు, మామూలుగానే. "ఫోన్ ఉందిగా. ఆయనకి ఫోన్ చేసి చెప్పెయ్."

"నంబరు లేదు బాబాయ్‌గారూ. పేరు కూడా నాకు సగమే వినపడింది."

డాబా మీద రెంచి గొట్టానికి తగిలిన చప్పుడు వినిపించింది. సెక్రటరీగారు ఒక్క క్షణం తటపటాయించి, ప్లంబరుని ఆగమని చెప్పొస్తానంటూ మెట్ల వైపు తిరిగారు. లిఫ్టు డాబా దాకా పోదు, వయసు మీద పడిన మనిషి, ఒక్కో మెట్టూ కమ్మీ పట్టుకుని ఎక్కాలి. ఆయన రెండో మలుపు తిరగకముందే రేడియోలో ఆ సన్నటి గాలి చప్పుడు తీగతోపాటే ఆగిపోయింది.

ఆమె మైకు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. అతను ఈపాటికి కిందికి దిగి ఉంటాడు. అతుకు బాగుచేసుకుని ఉంటాడు. ఇప్పుడు అతని గొంతు బహుశా నిజంగానే ఫైవ్ నైన్, ఆ గొంతుతోనే ఆమెని పిలుస్తూ ఉంటాడు.